కాణిపాకంలో చెప్పిన సాక్ష్యం

చిన్నాయన పోయాడని పోయిన మంగళవారం పొద్దున పక్కింటావిడ వచ్చి చెప్పింది. నాకు మొదట ఏడుపు రాలేదు. ఇక నా తరఫున ఎవరు చెబుతారు అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఆ తర్వాత ఏడ్చాను.

ఆయన మా నాయనకు తమ్ముడు. పిల్లల్లేరు. నగరిలో మరమగ్గాల మోతలో బతికి చెవులు సగం పోగొట్టుకున్నాడు. పెళ్లిళ్లలో ఎవరి కొంగైనా సరే పట్టుకుని వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. నా పెళ్లి చీరనూ వదల్లేదు. ‘నూలు మంచిదే పాపా, నేసినోడికే తొందరెక్కువ’ అన్నాడు. నా మొగుడు పోయి నేను పుట్టింటికి చేరినప్పుడు మాత్రం ఒక్క ఓదార్పు మాటా అనలేదు. అనపకాయలు తెచ్చి, నా ఎదుట కూర్చుని, అన్నీ ఒలిచిపెట్టి పోయాడు. ఆ రోజు నాకు అంతకన్నా కావలసింది లేదు.

నాయన పక్షవాతం వచ్చి, మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితిలో చాలాకాలం మంచాన ఉన్నాడు. చేసిందంతా నేనే. ఆయన పోయాక మా తమ్ముడు వీలునామా ఒకటి బయటికి తీశాడు. ఇల్లూ మగ్గాలూ అన్నీ వాడివేనట, నేను ఇల్లు ఖాళీ చెయ్యాలట. నాయన వేలిముద్ర ఉంది. సాక్షులు ఇద్దరు: తమ్ముడి బావమరిది, మా చిన్నాయన. నిప్పులు కక్కుతూ ఆయన దగ్గరికి పోయాను. ఆయన నేల మీద కూలబడ్డాడు.

‘ఆసుపత్రి కాగితమని చెప్పి నాతో సంతకం పెట్టించినారు పాపా. మీ నాయనకు తెలివే లేదు. ఆయన బొటనేలు నీ తమ్ముడే పట్టుకోని అద్దినాడు, నేను సూసినాను. యాడ చెప్పమన్నా చెప్తాను.’

ఆయన దృష్టిలో చెప్పవలసిన చోటు ఒక్కటే. మా వైపు తగువు తెగకపోతే కాణిపాకం పోయి, కోనేట్లో మునిగి, వినాయకుడి ముందు ప్రమాణం చేస్తారు. కోర్టులో అబద్ధం చెల్లుతుంది గానీ అక్కడ చెల్లదన్నాడు. నాకూ అదే న్యాయమనిపించింది. అందరం కాణిపాకం పోయాం. చిన్నాయన కోనేట్లో మునిగి తడి పంచెతో నిలబడి, చెవుడు కదా, గుడంతా వినేటట్టు చెప్పాడు. తమ్ముడు బయటే నిలబడి విన్నాడు. మెత్తబడతాడనుకున్నాను. ఇల్లు ఖాళీ చెయ్యమని లాయరు నోటీసు పంపాడు.

అప్పుడు పోయాను నేను చిత్తూరులో లాయరమ్మ దగ్గరికి. వీలునామా మీద కోర్టుకెక్కే ముందు సాక్షులెవరు, వాళ్ల వయసెంత, ఆరోగ్యమెలా ఉంది చూసుకోవాలమ్మా, గుడిలో చెప్పింది సాక్ష్యం కాదు అంది. పెద్దాయన కాబట్టి ఇంటికే మనిషిని పంపి వాంగ్మూలం రాయించమని కోర్టును అడుగుదామంది. ఆ సంగతి చిన్నాయనకు చెప్పాను.

‘దేవుడికి చెప్పినాక ఇంకెవురికి చెప్పాలంట?’ అన్నాడు. తర్వాత ఆయనే, ‘సరేలే, రమ్మను. వొచ్చినోళ్లు అన్నం తిని పోవాల’ అన్నాడు.

కోర్టులో అర్జీ వేశాం గానీ, అనుమతి రాకముందే ఆయన పోయాడు. ఇప్పుడు మిగిలిన సాక్షి తమ్ముడి బావమరిది. నాకు దారి కనబడడం లేదు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పిన మనిషి ఒక్కడు ఉండేవాడు, ఆయనకు నేను ఎంత రుణపడ్డానో కూడా చెప్పుకోలేకపోయాను.

పిల్లల్లేరు కాబట్టి తలకొరివి మా తమ్ముడే పెట్టాడు. పాడె ఎత్తే ముందు అందరూ వరసగా చిన్నాయన నోట్లో బియ్యం వేస్తున్నారు. నోరు తెరుచుకోకుండా అప్పటికే గడ్డం కింద నుంచి తల చుట్టూ గుడ్డ తిప్పి బిగించి కట్టారు. మొదట తమ్ముడు వేశాడు. తర్వాత ఎవరో నా చేతిలో బియ్యం పోశారు. నేను వేసిన గింజలు మూసిన పెదాల మీదే నిలిచిపోయాయి.