మా అమ్మ ఎదురు చుట్టు చక్కిలాలు

మా చిన్నప్పుడు... సిరిగేరిలో మా గుడిలో, చర్చిని మేం గుడే అంటాం, పంటల పండుగ వచ్చిందంటే, మా అమ్మ చేసిన చక్కిలాలకు మా మేనత్త పేరు పిలిచేవాళ్ళు. అప్పటినుంచి ఇది నా కడుపులోనే ఉంది. ఈ రోజు బయట పెడుతున్నా.

నేను పెద్దగా చదువుకున్నోణ్ణి కాదు. ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాస్తున్నా... రాతలో తప్పులుంటే సర్దుకోండి. చెప్పే మాటలో తప్పు లేదు.

పంటల పండుగ తెలియనివాళ్ళకు చెప్తా. వరి కోతలు అయినాక ఒక ఆదివారం, సంఘంలో ప్రతి ఇంటివాళ్ళూ ఏదో ఒకటి తెచ్చి దేవుని ముందు పెట్టాలి. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, పిండివంటలు... ఆరాధన అయినాక బయట పందిట్లో వాటిని సవాలు వేస్తారు, అంటే వేలంపాట. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళవి. డబ్బు గుడికి పోతుంది. సవాలుకు ముందు సంఘ పెద్ద లేచి, ఇది ఫలానా ఆమె చేతిది అని పేరు పిలుస్తాడు. మా ఆడవాళ్ళకు పదిమందిలో తమ పేరు వినబడేది ఏడాదికి ఆ ఒక్క రోజే.

మా అమ్మ సుగుణమ్మది పుర్రచేయి. అన్నం కుడిచేత్తో తినేది గానీ, పని ఏదైనా ఎడమచేత్తోనే. కొడవలి పట్టినా అంతే... చక్కిలం చుట్టినా అంతే.

చక్కిలమంటే గొట్టంలో పెట్టి ఒత్తేది కాదు. చేతి చక్కిలం. బియ్యం కడిగి, నీడలో ఆరబెట్టి, దంచి, పల్చని బట్టలో జల్లించేది అమ్మ. అందులో వేయించిన మినప్పిండి, వెన్న, జీలకర్ర, నువ్వులు. ముద్దను తడిబట్ట కింద ఉంచి, నిమ్మకాయంత తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారం పేనినట్టు మెలి తిప్పుతూ, పరిచిన పంచె మీద చుట్టుకుంటూ పోవాలి. ఒకచోట లావు, ఒకచోట సన్నం కాకూడదు. కాస్త గాలి తగిలినా పుటుక్కున తెగుతుంది. చెనిక్కాయ నూనెలోకి జార్చేటప్పుడు అమ్మ ఊపిరి బిగబట్టేది... చుట్టూ కూర్చున్న మేమూ బిగబట్టేవాళ్ళం. నోట్లో పెట్టుకుంటే విరిగిందో కరిగిందో తెలిసేది కాదు.

అందరి చక్కిలాలూ ఒక దిక్కుకు తిరుగుతాయి. మా అమ్మవి దానికి ఎదురు తిరిగేవి. ఎడమచేయి కదా...

మా నాన్నకు అక్క రత్నమ్మత్త. గొంతున్న మనిషి. ఆమె చేసిన చక్కిలం కొరికితే పక్కింటికి వినబడేది. నిమ్మకాయ ఊరగాయ మాత్రం ఊరంతటిలో ఆమెదే ఊరగాయ, కాదనను. ఒక ఏడు పండుగ ముందు రోజు మా ఇంటికొచ్చి, పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుంది. దేవునికి పెట్టేదాన్ని ఆ చేత్తో చేస్తావా, కుడిచేత్తో చుట్టు అంది. అమ్మ చుట్టి చూసింది. మెలి తెగింది. ఇంకోటి చుట్టింది... అదీ తెగింది.

"పుర్రసేత్తో సుట్టినవని తెలిస్తే సవాల్లో ఎవురు పాడతారు సుగుణా? నా పేరు మీద పెడతాలే. మన ఇంటిదే గదా," అంది అత్త.

మా నాన్న వసారాలో కూర్చుని పలుపు పేనుతున్నాడు. అంతా విన్నాడు. తల ఎత్తలేదు.

అమ్మ ముద్దను మళ్ళీ ఎడమచేతికి మార్చుకుంది.

మరుసటి రోజు పెద్దాయన రత్నమ్మ చేతి చక్కిలాలని పిలిచాడు. జనం పోటీ పడి పాడారు. అత్త లేచి నిలబడి అందరికీ దండం పెట్టింది. మా అమ్మ చాప మీద, ఎడమచేయి కొంగు కింద పెట్టుకుని కూర్చుంది. ఇక అక్కడినుంచి ఏటా అదే... ఇద్దరూ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఊళ్ళో ఈ రోజుకీ అవి రత్నమ్మ చక్కిలాలే.

నీవి అని నువ్వెందుకు చెప్పవని ఒకసారి అమ్మను గట్టిగానే అడిగా. పళ్ళెం తోముతూ ఒకటే మాట అంది.

"సుట్టు సూస్తే తెలిసిపోతాదప్పా ఎవురు సేసినారో. సూసేవాళ్ళే లేరు."

అత్త కొడుకు దావీదు ఇప్పుడు కూరెకుప్పలో ఉంటాడు. పోయిన వారం ఫోన్‌లో ఇక్కడే ఒక పాత ఫోటో పెట్టాడు. పంటల పండుగ పందిట్లో, చక్కిలాల పళ్ళెం పట్టుకుని అత్త. "మా అమ్మ చేతి చక్కిలాలు ఇంకెవరికైనా వస్తాయా" అని కింద రాశాడు. చూసినవాళ్ళందరూ దండాలు, పూలు పెట్టారు. ఈ ఆదివారం సిరిగేరి పండుగలో తన తల్లి జ్ఞాపకంగా చక్కిలాల పళ్ళెం పెట్టి, ఆమె పేరు పిలిపిస్తాడట.

దావీదప్పా... ఆ ఫోటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి చూడు. పైనున్న చక్కిలం ఎటు తిరిగిందో చూడు. నీ భార్య చేత కుడిచేత్తో ఒకటి చుట్టించి పక్కన పెట్టి చూడు. ఫోటోనే అద్దంలోలాగ కుడి ఎడమలు మారి పడిందంటావేమో... మీ అమ్మ పైట ఎడమ భుజం మీదే ఉంది కదప్పా.

మీ అమ్మను చెడ్డదని నేను అనను. ఊరగాయ జాడీ పెట్టి ఆమె పేరు పిలిపించు, సవాల్లో నేనే ముందు పాడతా. చక్కిలాలకు మాత్రం సుగుణమ్మ పేరు పిలవాలి. పుర్రచేతి సుగుణమ్మ అన్నా సరే... అట్లా అంటేనే నాకు ఇంకా సంతోషం.

ఇప్పుడు అంగడికి పోతే సంచుల్లో కట్టిన చక్కిలాలు... అన్నీ ఒకే అచ్చు, ఒకే చుట్టు. ఏ చేయి చేసిందని అడగడానికి అక్కడ చేయే లేదు. మీ ఇళ్ళలో కూడా వేరేవాళ్ళ పేరు కింద మరుగున పడిపోయిన చేతులుంటే, వాళ్ళ పేర్లు కింద రాయండి. మెల్లగానైనా అన్నీ చదువుతా.

ఆదివారం నేను సిరిగేరి గుడిలో ముందు వరసలోనే కూర్చుంటా, దావీదప్పా. శనివారం పొద్దుగూకేలోగా నాకు జవాబు కావాలి... పిలిపిస్తావా, పిలిపించవా?