దేవిడీ పాతిన రాయి

రాతి మీద చెక్కింది కాబట్టి నిజమే అయ్యుంటుందని నమ్మే పెద్దమనుషులంటే నాకు ఒళ్ళుమంట. అమీర్‌పేట నుంచి పంజగుట్టకు పోయే దారిలో, మా బావి పక్కన ఒక నల్లరాయి ఉండేది. నున్నగా నూరి, ఉర్దూ అక్షరాలు చెక్కి నిలబెట్టారు. అంత అందమైన అబద్ధాన్ని నేను మళ్ళీ చూడలేదు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ముందు నేను ఆ వాడకు కోడలిగా వచ్చాను. మాది నేతపని. దారి వెంట పడుగు నూలు చాపి గంజి పెట్టేవాళ్ళం. దానికి నీళ్ళు కావాలి. అంతకుముందు నవాబు ఉండే పెద్ద భవనం, దేవిడీలో ఉన్న బావే దిక్కట. తోడుకోనిస్తే తోడుకోవాలి, తరిమితే వట్టి కుండలతో రావాలి. ఆ బాధ పడలేక మా మగవాళ్ళే మగ్గాలు ఆపుకొని బావి తవ్వారు. ఆ నేల సంగతి తెలిసిందే, గడ్డపార దిగితే బండ. మందు పెట్టి పేల్చుతుంటే, ఆరిపోయిందనుకున్న వత్తి దగ్గరికి దిగి మా ఆయన అన్న చచ్చిపోయాడు. ఆ పేలుడుతోనే జల పడిందట. నేనాయన్ని చూడలేదు. వరసకు బావ.

ఆయన గుర్తుగా బావి గట్టున ఒక మొరటు రాయి నిలబెట్టారు. దాని మీద అక్షరం ముక్క లేదు. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించే ముందు ఆడవాళ్ళం ఆ రాతికి పసుపు రాసేవాళ్ళం. మా అత్త ఆ పోయిన కొడుకు కథ మొదటినుంచి చివరిదాకా చెప్పేది. అది పూర్తయ్యేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు. వచ్చిన ఏడాదే నాకది కంఠతా వచ్చేసింది.

ఒకనాడు దేవిడీలో రాతకోతలు చూసే మున్షీ వచ్చాడు. బావికి మంచి రాయి వేయిస్తాం, దాని కథేంటో చెప్పమన్నాడు. అత్త చాప పరిచి, చల్ల ఇచ్చి, కొడుకు సంగతంతా చెప్పుకుంది. ఆయన తలూపుతూ చెంబు ఖాళీ చేశాడు. కొన్నాళ్ళకు నల్లరాయి వచ్చింది. దేవిడీ కూలీలు పాతరాయిని పెకిలించి గుంతలోకి దొర్లించారు. అత్త అడ్డు చెప్పలేదు. కొడుకు పేరు రాతికెక్కుతుంటే ఇక ఆ మొరటుది ఎందుకనుకుంది.

వాడలో చదువొచ్చిన ఆడది నేనొక్కదాన్నే. మా పుట్టినూరి బడిలో ఉర్దూ నేర్చాను. అత్త నా చేయి పట్టుకొని అందరి ముందూ రాతి దగ్గరికి తీసుకుపోయింది.

“జర సదువు పిల్లా, ఏం రాసిన్రో అందరింటరు” అంది.

లోలోపల చదివాను. బాటసారుల దాహం చూడలేక నవాబు గారు సొంత ఖర్చుతో తవ్వించిన బావి అని ఉంది. అంతే. చచ్చినవాడు లేడు, బతికున్న మేమూ లేము. సొమ్మొకడిది సోకొకడిది. కోపంతో నా నోరు పెగల్లేదు.

ఆ మౌనానికి అత్త తన అర్థం తను చెప్పుకుంది. మా ఇళ్ళలో కోడలు భర్త పేరు గానీ బావ పేరు గానీ నోటితో పలకదు. పెద్దోడి పేరు ఉంది కాబట్టే కోడలు నోరు మూసుకుందని ఆమె అందరికీ చెప్పింది. ఆడవాళ్ళు నా మర్యాదను మెచ్చుకొని రాతికి పసుపు పూశారు. నవాబు గొప్పల మీద మా పసుపు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. దేవిడీతో మనకెందుకు, అమ్మ సంతోషంగా ఉంది కదా, నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నాడు. పోయింది నీ సొంత అన్న కదా అంటే, మగ్గం గుంతలోకి దిగి కూర్చున్నాడు. పిరికితనాన్ని మా ఇంట్లో మంచితనం అనేవాళ్ళు.

మళ్ళీ కొత్త పడుగు ఎక్కించే రోజు వచ్చింది. ఈసారి అత్త పసుపు రాసి లేచిపోబోయింది. కథ చెప్పవా అని ఎవరో అడిగితే, రాతి మీద రాసే ఉంది కదా, ఇంకా నేనెందుకు చెప్పాలంది. అక్కడ నా ఓపిక నశించింది. ఆ మనిషి మిగిలిందే ఆమె నోటి కథలో. అదీ ఆగిపోతే ఇక ఆయన ఎక్కడున్నట్టు?

పసుపు గిన్నె కింద పెట్టి అత్తకు ఎదురుగా నిలబడ్డాను. బావ పేరు పెట్టి మరీ చెప్పాను: ఆ పేరు ఈ రాతి మీద ఎక్కడా లేదు, అంతా నవాబు గొప్పలే, మున్షీ నిన్ను మోసం చేశాడు అని.

ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. పేరు పలికినందుకు అత్త చెంప పగలగొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నన్నూ రాతినీ మార్చి మార్చి చూసింది.

“రాయి మీద లేకుంటే, ఎన్నడు పలకని పేరు నీ నోట్లకు ఎట్లొచ్చింది? సదివినవు గద” అంది.

అదే సాక్ష్యమైపోయింది. కోడలు నోరు జారి రాతి మీది పేరు చదివేసిందని వాడంతా చెప్పుకున్నారు. అత్త బతికినన్నాళ్ళు కొడుకు కథ మళ్ళీ చెప్పలేదు. దారిలో మున్షీ కనబడితే మాత్రం కొంగు సర్దుకొని దండం పెట్టేది, నన్నూ పెట్టమనేది.