అభయ శాసనం ఊరి యలమందయ్య

మోటుపల్లికి దారెటు అని చీరాల బస్టాండులో అడిగితే సగం మంది తల గోక్కుంటారు. ఒకప్పుడు చీనా ఓడలకు తెలుసు, అరబ్బు గుర్రాల వ్యాపారులకు తెలుసు. ఇటలీలో వెనిస్ అనే రేవుపట్నం నుంచి బయల్దేరిన వర్తకుడొకడు మా తీరం గురించి, ఇక్కడి సాలెగూడంత సన్నని బట్టల గురించి రాసుకున్నాడని చరిత్ర చదివినవాళ్లు చెబుతారు. ఆ వెనిస్ ఇప్పటికీ నీళ్లలోనే నిలబడి ఉంది. జనం టికెట్ కొని మరీ చూసొస్తున్నారు. మా రేవును ఇసుక మింగేసింది. మిగిలినవి పాత గుళ్లు, విరిగిన రాళ్లు, వేట మీద బతికే కొన్ని ఇళ్లు. వాటిలో ఒకటి యలమందయ్యది.

నాకు వరసకు బాబాయి. యాభై దాటాయి. బడికి పోయింది లేదు. అయినా వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడు వేయించిన శాసనంలో ఏముందో చెప్పగలడు. చిన్నప్పుడు ఎవరో పంతులుగారు చెబితే పట్టుకున్నాడు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా వెనకటి రాజులు లాక్కునేవారు. ఇకమీదట సరుకు సొంతదారుదే, సుంకం కడితే చాలు, భయం లేకుండా రండి అని గణపతిదేవుడు మాటిచ్చాడు. గుడి చూడ్డానికి ఎవరొచ్చినా యలమందయ్య వాళ్లను ఆ రాయి దగ్గరికి తీసుకుపోయేవాడు.

"సముద్రం మీద పోయేవోడికి పేణం కంటే సరుకే ఎక్కువండీ. ఆ సంగతి తెలిసిన రాజు!" అనేవాడు.

ఆయన సరుకంతా ఒక ఫైబర్ పడవ. అది సొంతమయ్యేసరికి జుట్టు నెరిసింది. అంతకుముందు చేపల్లేని ఏడాది ఒకటి వస్తే గుంటూరు మిర్చి యార్డుకు పోయి టిక్కీలు మోశాడు. మిరపకాయలు కూరిన గోతాలను అక్కడ అలాగే అంటారు. ఆ ఘాటు ఊపిరితిత్తుల్లో దిగబడిపోయింది. దగ్గు మొదలైతే మనిషి వంగిపోయి నేలను పట్టుకునేవాడు. ఇంకోసారి మిరపకాయల వైపు పోతే బతకవని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. కాబట్టి ఆయనకు ఉన్నది పడవ ఒక్కటే. అది ఉంటే సముద్రం, పోతే యార్డు. మధ్యలో ఇంకేమీ లేదు.

బాపట్ల దగ్గర తుపాను తీరం దాటిన డిసెంబరులో అందరం పడవలను పైకి లాగి సరుగుడు చెట్లకు కట్టాం. ఇంజను విప్పి ఇంటికి తెమ్మని ఆయన భార్య సుబ్బరావమ్మ మొత్తుకుంది.

"ఇంజనిప్పితే పడవ మొండెమైపోద్ది. గాలివానలో మొండాన్ని వదిలేస్తే గంగమ్మకు కోపమొచ్చుద్ది" అన్నాడు.

"గంగమ్మకు కోపమొస్తే నేను సర్దిచెబుతాలే. ముందు ఇంజను తే, మహానుబావా!"

వినలేదు. పొద్దున పోయి చూస్తే చెట్టుకు తెగిన తాడు కొస వేలాడుతోంది. సుబ్బరావమ్మ తిట్టలేదు, ఏడవలేదు. "ఈ ఏడు మిరప కోతలకు నేను పోతాలే" అంది. ఆయన ఏదో అనబోయాడు. దగ్గొచ్చింది.

తర్వాత ఒక వాట్సాప్ వీడియో తిరుగుతూ నా ఫోన్‌కు వచ్చింది. గుండ్లకమ్మ ఏటికి అవతల, దక్షిణాన ఒక పల్లెపాలెంలో ఒడ్డుకు పడిన పడవ చుట్టూ జనం. ఆ ఊరి పేరు రాయను. నీలం రంగు, ముక్కు దగ్గర పసుపు కుంకుమతో దిద్దిన కన్ను. మాదే. బీటెక్ సగంలో వదిలేసి నేను ఖాళీగా తిరుగుతున్న రోజులవి. బాబాయిని బైక్ ఎక్కించుకుని బయల్దేరాను. ఆయన దారి పొడవునా నా భుజం తట్టి "తొందరగా పోనీరా" అనడం, నేను గేరు మారిస్తే "నెమ్మదిరా" అనడం.

వలలు ఆరేసుకునే పాకలో ఊరిపెద్ద పోలేశు కూర్చుని ఉన్నాడు. చుట్టూ నలుగురు పెద్దలు, వాళ్ల చుట్టూ సగం ఊరు.

"ఏ ఊరయ్యా మీది?" అన్నాడు పోలేశు.

"మోటుపల్లి."

"అబ్బో, ఓడలొచ్చే ఊరు! మరి ఓడెక్కి రాకుండా ఈ కుర్రోడి బైకెక్కొచ్చావేంది?"

అందరూ నవ్వారు. యలమందయ్య కూడా నవ్వాడు.

"మా ఓడ మీ ఊరికి చుట్టపుచూపుగా వచ్చిందంట. పిల్చుకుపోదామని వచ్చా."

పోలేశుకు ఆ మాట నచ్చింది. కూర్చోబెట్టి, తాగడానికి నీళ్లు ఇప్పించాడు. నచ్చినంత మాత్రాన పడవ ఇవ్వడుగా. ఆ ఊరి దురాయి, అంటే పెద్దలు వేసిన కట్టు, చెప్పాడు. నీళ్లలో పట్టింది పట్టినవాడిది. ఒడ్డుకు పడింది ఊరిది. దురాయి మీరినవాడికి ఆ ఊళ్లో అగ్గిపుల్ల కూడా పుట్టదు.

యలమందయ్య నా ఫోన్‌లో ఉన్న శాసనం ఫొటో తెరిపించి చూపించాడు. రాజు మాట మొత్తం చెప్పాడు. గుడి దగ్గర కొత్తవాళ్లకు చెప్పినట్టే, చేతులు తిప్పుతూ చెప్పాడు. పోలేశు ఫొటోను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"రాజుగారు మంచోడే. ఒక ఫోన్ కొట్టు. స్పీకర్లో పెట్టు, అందరం వింటాం."

ఈసారి యలమందయ్య నవ్వలేదు. "అది పోతే నేను యార్డుకు పోవాల, పోలేశన్నా. యార్డుకు పోతే చచ్చిపోతా" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

పోలేశు పక్కవాళ్లతో ఏదో మాట్లాడి ఇటు తిరిగాడు.

"ఇదిగో, మా దురాయిలో ఒక సందుంది. సముద్రం తెచ్చిందేదీ నా గడప లోపలికి రాలేదు అని గంగమ్మ పేరు చెప్పి కర్పూరం ఆర్పు. ఆర్పితే పడవ, ఇంజను, వల అన్నీ నీవి. మావోళ్లే నీళ్లలోకి తోస్తారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ తీరం మీద ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాడు ముక్కో బెండో ఇంటికి తెచ్చుకోనివాడు ఒక్కడు కూడా ఉండడు. ఆ సంగతి పోలేశుకూ తెలుసు. అడిగేది మర్యాద కోసం. ఆర్పేది కూడా మర్యాద కోసమే. గడప తవ్వి చూడ్డానికి ఎవరూ రారు.

రాగి పళ్లెంలో కర్పూరం వెలిగించారు. యలమందయ్య చెయ్యి చాపాడు. చెయ్యి మంట మీదికి వచ్చి ఆగింది.

"మా ఇంటి దూలం ఓడదయ్యా" అన్నాడు.

"ఏంది?"

"దివిసీమ ఉప్పెన ఏడు కొట్టుకొచ్చింది. టేకు. మా అయ్య లాక్కొచ్చాడు. నేనూ ఒక చెయ్యేశా. ఇప్పటికీ పుచ్చలా."

పోలేశు తల పట్టుకున్నాడు. "ఒరేయ్, నిన్ను దూలం సంగతి ఎవడడిగాడ్రా? మీ అయ్య తెచ్చాడు, నువ్వు కాదుగా. ఆర్పెయ్!"

"దాని కిందే పడుకుంటన్నా. లోపలికి రాలేదని ఎట్టా చెప్పను?"

"బాబాయ్, ఆర్పు" అని నేను నడుం మీద పొడిచాను. వెనక నుంచి ఒక ముసలమ్మ "ఆర్పు నాయనా, తల్లి ఏవనుకోదు" అని అరిచింది. ఆయన చెయ్యి అలాగే ఉంది. కర్పూరం తనంతట తాను కాలిపోయింది.

పోలేశు లేచి నిలబడ్డాడు. "నోరు మూసుకుని ఆర్పితే అయిపోయేది. ఇంతమందిలో ఒప్పుకున్నాక నేనేం చెయ్యను? నా ఊళ్లో నేనే దురాయి తప్పమంటావా?"

పోలీస్ స్టేషన్‌కు పోదాం అన్నాను. బాబాయి ఒప్పుకోలేదు. స్టేషన్‌కు పోయినవాడికి ఈ తీరంలో రేపు ఏ ఊరివాడూ తాడు విసరడట. దారిలో బైక్ ఆపి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన రోడ్డు పక్కన పత్తి చేలోకి చూస్తూ నిలబడ్డాడు.

"గంగమ్మ మీద అబద్ధమాడి, మళ్లీ గంగమ్మ మీదికే పోవాలిగా రా" అన్నాడు.

సంక్రాంతి దాటి యార్డు నిండాక గుంటూరు పోయాడు. నేనే దించాను. గేటు లోపల అడుగు పెట్టాడో లేదో దగ్గు అందుకుంది. ముఠా మేస్త్రి దూరం నుంచే చెయ్యి ఊపాడు.

"ఈ పెద్దాయన్ని తీసుకుపోవయ్యా. ఇక్కడ పోతే నా మెడకు చుట్టుకుంటది."

తిరుగుదారిలో చీరాల రాగానే వాడరేవు పోనిమ్మన్నాడు. వేరేవాళ్ల పడవ మీద కళాసిగా, కూలికి కుదరాలని. ఆ వయసులో. అందులోనూ ఒక చిక్కుంది. పడవను సముద్రానికి పోగొట్టుకున్నవాణ్ణి ఎవరూ ఎక్కించుకోరు. గంగమ్మ వాడి మీద కన్నేసిందంటారు, వాడు ఎక్కిన పడవకు కూడా తిప్పలు తప్పవంటారు. మోటుపల్లి మనిషి పడవ పోగొట్టుకున్న సంగతి ఆ వీడియోతో పాటే తీరమంతా పాకింది.

ఒడ్డున సెలవు రోజు జనం ఫొటోలు దిగుతున్నారు. ఎండుచేపల పక్కన తోమా అనే కుర్రవాడు తన బోటుకు రంగు వేసుకుంటున్నాడు. ఆదివారం చర్చికి పోయే మనిషే కానీ ఈ నమ్మకం దగ్గరకొచ్చేసరికి అతనూ అందరిలాంటివాడే.

"వేట వచ్చా?" అన్నాడు తోమా.

"చిన్నప్పట్నించీ అదే పని."

"ఏ ఊరు?"

"ఇటే. చీరాల పక్క."

"సొంత పడవుండేదా?"

"లేదు. ఎప్పుడూ లేదు."

తోమా కుంచె పక్కన పెట్టి ఆయన చేతులకేసి చూశాడు. "ఇంజను పట్టిన చేతుల్లాగున్నయ్యే."

"ఎవరెవరివో పట్టాలే అబ్బాయా."

తోమా ఇంకొంచెం ఆలోచించాడు. తర్వాత నా వైపు గడ్డం ఎగరేశాడు. "ఆ అబ్బాయెవరు? మోటుపల్లి వైపు చూసినట్టుంది."

యలమందయ్య వెనక్కి తిరిగి, నన్ను మొదటిసారి చూసినట్టు చూశాడు.

"తెలీదు. దారిలో చెయ్యెత్తితే ఎక్కించుకున్నాడు."

"సరే, రేపు తెల్లారకముందే రా. దగ్గితే మాత్రం దింపేస్తా."

నేను బైక్ స్టార్ట్ చేశాను. దారిలో ఎవరినో దించి పోయేవాడిలాగే, ఆయనకు ఒక్క మాట కూడా చెప్పకుండా వచ్చేశాను.