హేడ్ల పేరు పండగ

“—మీ పేరే కదా అత్తయ్యా! పాపకి మీ పేరు పెడతామంటే సంతోషించాల్సింది పోయి, శాపనార్థాలు పెట్టినట్టు మాట్లాడతారేంటి?”

“నా పేరా? అది నా పేరని నీకెవరు చెప్పారే?”

“ఒకరు చెప్పాలా? తలుపు మీద రాసుంది. పింఛను తెచ్చే పోస్టుమ్యాను అదే పేరుతో పిలుస్తాడు. ఇవాళ ఆ పేరున్న పునీతురాలి రోజు, మీ పేరు పండగ కూడానూ. మా అమ్మ పూలు పట్టుకుని బయల్దేరే ఉంటుంది.”

“వస్తుంది. ఏటా వస్తుంది,” అంది హేడ్ల, ఉడికించిన గసగసాల ముద్దని పిండి మీద పరుస్తూ. “వస్తుందనేగా ఈ కేకు.”

కోడలు డొరోతా పొత్తిళ్ళలో పాపని భుజం మార్చుకుని మొగుడి వైపు చూసింది. గెరార్డ్ కిటికీ దగ్గర నిలబడి, అవతలి ఇంటి కప్పు మీద పావురాలని చూస్తున్నాడు. పోలండ్‌లో బితోమ్ పక్కనున్న ఆ బొగ్గుగని కాలనీలో ఇళ్ళన్నీ ఒకటే తీరు. మసి పట్టిన ఎర్ర ఇటుకలు, ఎర్ర రంగేసిన కిటికీ చట్రాలు. ఆడవాళ్ళు ఆ చట్రాల్ని శనివారం శనివారం కడుగుతారు, గని వాటిని సోమవారానికల్లా మళ్ళీ నల్లగా చేస్తుంది.

“అమ్మా, అమ్మమ్మదీ నాయనమ్మదీ ఒకటే పేరు కదా, భలే కలిసొచ్చిందనుకున్నాం,” అన్నాడు గెరార్డ్. “ఎవరూ అలగక్కర్లేదని.”

“అలగడానికి నేనున్నాగా.”

“మరేం పెట్టమంటావు? ఆదివారం జ్ఞానస్నానం. ఫాదర్‌కి పేరు చెప్పాలి.”

“సాండ్రా అని పెట్టుకోండి. కింది వాటాలో వాళ్ళు పెట్టుకోలేదూ?”

“సాండ్రా ఏంటమ్మా, టీవీ సీరియల్లో పిల్లలాగా!”

“దానికేం తక్కువ? మొగుడు పోతాడు, ఆస్తి పోతుంది, బుర్రలో జ్ఞాపకం కూడా పోతుంది. పేరు మాత్రం పోదు.”

హేడ్ల కేకుని పొయ్యిలోకి తోసి, ఇనుప తలుపు దభీమని వేసింది. పాప ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది.

ఆమెని హేడ్ల అని ముద్దుగా పిలిచేవాళ్ళు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. పుట్టినప్పుడు పెట్టిన పేరు హెడ్విగ్. అది వాళ్ళ నాయనమ్మ పేరు. తన పిల్లల్లో ప్రతివాళ్ళూ ఒక కూతురికి ఆ పేరు పెట్టాలని నాయనమ్మ శాసనం. కాదంటే పిండివంటలు బంద్. అలా ఒకే పేరుతో నలుగురు మనవరాళ్ళు తయారయ్యారు. బొగ్గు ఉన్న చోటికి మొగవాళ్ళు, మొగవాళ్ళున్న చోటికి ఆడవాళ్ళు వెళ్ళారు. జర్మనీలోని ఎస్సెన్ వెళ్ళినామె హెడ్విగ్‌గానే ఉండిపోయింది. సరిహద్దు దాటి ఒస్ట్రావాలో స్థిరపడినామె హెడ్వికా అయింది. ఇంకొకామె ఇటలీ వాడిని చేసుకుని ఊదినే వెళ్ళింది, అక్కడ ఎడ్విజె. క్రిస్మస్ కార్డుల కింద ఎవరి పేరు వాళ్ళు వాళ్ళ ఊరి మాటలో పెడతారు. వాళ్ళ పేర్లు అక్కడి జనం నోళ్ళలో నాని, సబ్బుబిళ్ళ అరిగినట్టు మెల్లగా అరిగాయి. హేడ్లది ఒక్క పొద్దులో పోయింది.

నిజానికి వాళ్ళింట్లో ఆ పేరుకి హేడ్ల రెండో మనిషి. ఆమె కన్నా ముందు పుట్టిన అక్క కూడా హెడ్విగే. రెండేళ్ళయినా నిండకుండా గొంతువాపు జబ్బుతో పోయింది. తర్వాత పుట్టిన ఆడపిల్లకి అదే పేరు పెట్టారు. పేరు ఇంట్లోంచి పోకూడదని ఆ వైపు అలా పెట్టేవాళ్ళు. నవంబరు మొదట్లో చచ్చిపోయినవాళ్ళ పండగకి వాళ్ళమ్మ చెయ్యిపట్టుకుని శ్మశానానికి వెళ్తే, అక్క రాయి మీద తన పేరే చదువుకునేది హేడ్ల. భయం వెయ్యలేదు. పైగా గొప్పగా ఉండేది. తన పేరు చెక్కిన రాయి బళ్ళో ఇంకే పిల్లకీ లేదు మరి.

బళ్ళో టీచరు ఒకసారి పేర్ల గురించి పాఠం చెప్పింది. హెడ్విగ్ అనే పేరు పాతకాలపు జర్మన్ మాటలు రెండు కలిసి వచ్చిందట. మొదటి ముక్కకీ పోరాటమనే అర్థం, రెండో ముక్కకీ పోరాటమనే అర్థం. పిల్ల ఇంటికొచ్చి చెబితే వాళ్ళ నాన్న సూపు తాగుతూ పొలమారేదాకా నవ్వాడు. “ఒకసారి కొట్టుకుంటే చాల్లేదు కాబోలు ఆ పెద్దమనుషులకి!”

ఆ నాన్నకీ రెండు పేర్లుండేవి. ఇంట్లో, గనిలో వొయ్‌తెక్. జర్మన్ల కాలంలో కాగితాల మీద అడల్బర్ట్. యుద్ధం అయిపోయి, జర్మనీ పోయి పోలండ్ వచ్చాక, ఆయన పేరు ఆయనకి తిరిగొచ్చింది. ఆదివారం చొక్కా విప్పేసి పనిచొక్కా వేసుకున్నంత సుఖంగా ఉందన్నాడు. అందుకే తన పేరు పోయినప్పుడు కూతురు ఎందుకు ఏడ్చిందో ఆయనకి చివరిదాకా అర్థం కాలేదు.

అప్పటికి హేడ్లకి పదిహేడేళ్ళు. గని పక్క షెడ్డులో, కదిలే బెల్టు ముందు నిలబడి బొగ్గులోంచి రాళ్ళు ఏరే పనిలో చేరింది. ఒకరోజు జర్మన్ పేర్లున్నవాళ్ళందర్నీ ఆఫీసుకి పిలిచారు. బల్ల వెనకాల కూర్చున్నవాడు కుర్రాడు, మంచివాడు. కసిరినా బాగుండేది. నవ్వుతూ చెప్పాడు: “హెడ్విగ్ ఇక కుదరదమ్మాయ్. ఇవాళ్టి నుంచి యద్విగ. వేరే పేరేం కాదులే, నీ పేరే, మా భాషలో. మా రాణి పేరు కూడాను. అదృష్టవంతురాలివి. పక్కింటి హోర్స్ట్ గాడికి దొరికే పేరే లేదు, వెతుక్కుంటున్నాం.”

అదే వేసవిలో రాళ్ళ వంతు వచ్చింది. గోడల మీద, గిన్నెల మీద, సమాధుల మీద జర్మన్ రాత కనపడకూడదన్నారు. నాన్న గనిలోంచి ఉలి, సుత్తి తెచ్చాడు. అక్క రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క అక్షరం చెక్కి తీసేశాడు. హేడ్ల పక్కన నిలబడి, రాలిన పెచ్చుల్ని అప్రాన్ కొంగులోకి ఎత్తింది. నాన్న తల తిప్పకుండానే, “పుట్టిన ఏడూ పోయిన ఏడూ ఉంచొచ్చులే, అంకెలకి భాష లేదుగా,” అన్నాడు. ఆ రాయి ఇప్పటికీ ఉంది, అంకెలతో. బ్రష్షూ బకెట్టూ పట్టుకుని వెళ్ళి దాన్ని కడిగి వస్తూనే ఉంది హేడ్ల.

తర్వాత పెళ్ళి. అలోయిజ్ గని పనివాడు, పావురాల పిచ్చోడు, మంచి మనిషి. ఇంట్లో హేడ్లా అనేవాడు, గడప దాటితే యద్విగ అనేవాడు. ట్రాములో ఆమె నోటివెంట పాత జర్మన్ మాట ఒకటి జారితే, చూడకుండానే మోచేత్తో పొడిచేవాడు. ఆ పొడుపు అలవాటై, ఆయన పోయాక కూడా ట్రామెక్కితే పక్కటెముకలు బిగబట్టేది.

ఆయన ఊపిరితిత్తుల్లో బొగ్గు నిండి పోయాడు. గెరార్డ్ మంచి నల్లరాయి వేయించాడు, ఇద్దరికీ సరిపడా వెడల్పుది. చెక్కేవాడిని ఎలాగూ పిలిచాం కదా అని తల్లి పేరూ పక్కన చెక్కించాడు. అందరూ చేసేదే. పుట్టిన ఏడు, ఒక గీత, గీత తర్వాత ఖాళీ. చూపించి, “బావుందా అమ్మా?” అన్నాడు. హేడ్ల చదివింది. అలోయిజ్ పీకా. యద్విగ పీకా. బకెట్ తీసుకుని రాయి కడిగింది.

తలుపు చప్పుడయింది. డొరోతా వాళ్ళమ్మ వచ్చింది. ఆమె కూడా యద్విగే, యద్విగ హొవుబోవిచ్. మనిషి సన్నగా, నిటారుగా ఉంటుంది. ఇంట్లోనూ టోపీ తియ్యదు. చేతిలో డాలియాల గుత్తి.

“వదినా, పేరు పండగ శుభాకాంక్షలు! మీకూ నాకూ కలిపి,” అంటూ హేడ్ల రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. “వస్తూ వస్తూ గుళ్ళోకి తొంగి చూశా. మన పునీతురాలికి ఎన్ని పూలో!”

ఆ గుళ్ళో పునీత యద్విగ బొమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంటుంది. జర్మన్ల బవేరియా నుంచి ఇక్కడి ప్రభువుల ఇంటికి కోడలిగా వచ్చిందట. ఉత్త కాళ్ళతో తిరగొద్దని, చెప్పులు వేసుకొమ్మని పెద్దలు ఆజ్ఞాపిస్తే, మాట తీసెయ్యలేక చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిందని చెప్తారు.

“ఆవిడ కూడా హెడ్విగ్‌గానే వచ్చింది,” అంది హేడ్ల.

“ఎవరు?”

“మీ పునీతురాలు.”

డొరోతా నిట్టూర్చింది. “చూశావా అమ్మా, పొద్దున్నుంచీ ఇదే వరస. పాపకి ఆ పేరు వద్దంటున్నారు.”

హొవుబోవిచమ్మ పూలు బల్ల మీద పెట్టింది. తన జీవితంలో మొదటిసారి ఆ వంటింట్లో టోపీ తీసింది.

“ఎందుకు వద్దు వదినా?”

హేడ్ల చెప్పింది. అంతా కాదు. ఆఫీసు సంగతి, రాయి సంగతి. పాత్రలు తోముతూ చెప్పింది, మొహం కనపడకుండా. గెరార్డ్ పావురాల వైపు చూడ్డం మానేశాడు. రాయి సంగతి అతనికి తెలీదు. పేరు లేని ఆ చిన్న సమాధి ఎవరిదని చిన్నప్పుడు అడిగితే, “మనవాళ్ళదేలే” అనేది.

“వదినా,” అంది హొవుబోవిచమ్మ, “యుద్ధమయ్యాక తూర్పున మా ఊళ్ళు పోలండ్ చేజారి, మమ్మల్ని ల్వూఫ్‌లో గూడ్సు బండి ఎక్కించినప్పుడు ఆవునైనా తెచ్చుకోనిచ్చారు గానీ మా ఇంటిని తెచ్చుకోనివ్వలేదు. ఆవు దారిలో చచ్చింది. ఇక్కడికొచ్చాక ఒక ఇల్లిచ్చారు. తలుపు తీస్తే బల్ల మీద వెళ్ళగొట్టిన జర్మన్లెవరిదో ఎంగిలి కంచం. నేను మోసుకొచ్చిన వాటిలో మిగిలింది మా అమ్మమ్మ పేరొక్కటే. అది మీ దగ్గర లాక్కుని నాకివ్వలేదు ఎవరూ.”

“నేనలా అన్నానా?”

“అనలేదు. కానీ నేను పూలు తెచ్చినప్పుడల్లా మీరు ఆ మొహం పెట్టేవారు. మా యాస నచ్చదేమో అనుకున్నా. ఇన్నేళ్ళు! ఒక్కసారి చెప్తే మానేసేదాన్నిగా?”

“పూలు పట్టుకొచ్చిన మనిషికి ఏం చెప్పను? మా వాళ్ళలో పేరు పండగలు లేవు. పుట్టినరోజులే చేసుకుంటాం.”

“మీ పుట్టినరోజు ఎప్పుడు?”

“మార్చిలో. కాలనీ అంతా వస్తుంది. మీరొక్కరే ఎప్పుడూ రాలేదు.”

“మీరు పిలిస్తేగా!”

“పుట్టినరోజుకి పిలవడమేంటి? పిలిస్తే అడుక్కున్నట్టుంటుంది. మావైపు పిలవరు. కావాలనుకున్నవాళ్ళు వస్తారు.”

“మావైపు పిలవకుండా వెళ్తే సిగ్గులేనిదంటారు.” హొవుబోవిచమ్మ నవ్వబోయి ఆగింది. “అంటే, నేను పిలుపు కోసం, మీరు నా కోసం…”

“ఊఁ. ప్రతి మార్చిలో మీకోసం ఒక కుర్చీ ఎక్కువ వేసేదాన్ని. మీరు రాకపోతే అనుకునేదాన్ని, ఆఫీసువాళ్ళకి పేరు దొరికితే చాలు, మనిషితో పనేముంటుంది అని.”

“నేను ఆఫీసుదాన్నా?”

“కాదు. ఇప్పుడు తెలిసింది. ఇప్పుడు తెలిసి ఏం లాభం?”

పొయ్యిలోంచి మాడు వాసన వచ్చింది. హేడ్ల గుడ్డతో పట్టుకుని కేకు బయటికి తీసింది. ఒక అంచు నల్లబడింది. కత్తితో ఆ అంచు కోసి పక్కన పెట్టి, మంచి వైపు ముక్కలు చేసి వియ్యపురాలి ముందు పెట్టింది. డాలియాలని గ్లాసులో పెట్టడానికి కాడలు కత్తిరించింది. ఏటా చేసినట్టే.

“అమ్మా,” అన్నాడు గెరార్డ్. “ఆ చిన్న రాయి మీద పెద్దమ్మ పేరు మళ్ళీ చెక్కిద్దాం. ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు. కమ్యూనిస్టులే పోయారు. నీ పేరు కూడా కావాలంటే మార్చుకోవచ్చట, మా గనిలో ఇద్దరు మార్చుకున్నారు. మన రాయి మీద కూడా సరిచేయిస్తా.”

“ఎవరు చెక్కుతారు?”

“ఎవరైనా. రాళ్ళు చెక్కే మేస్త్రీని పిలుస్తా.”

“చెక్కి తీసేసింది మీ తాతయ్య. పెచ్చులెత్తింది నేను. నువ్వు డబ్బులిచ్చి మేస్త్రీని పిలుస్తావా?”

“మరేం చెయ్యమంటావే నన్ను?”

“నిన్నేమీ చెయ్యమనట్లేదురా నాయనా.”

పాప ఏడుపు మానింది. హొవుబోవిచమ్మ దాన్ని కూతురి చేతుల్లోంచి తీసుకుని, ఒక్క క్షణం ఆగి, హేడ్ల వైపు చాచింది. హేడ్ల తడిచేతులు అప్రానుకి తుడుచుకుంది గానీ తీసుకోలేదు.

“మీ దగ్గరే ఉంచండి వదినా. నా చేతులు చల్లగా ఉన్నాయి.”

“అత్తయ్యా, పోనీ వదిలేద్దాం,” అంది డొరోతా. “మీకిష్టం లేనప్పుడు ఆ పేరు వద్దు. ఇంకేదైనా వెతుకుదాం.”

“వెతకడం దేనికే? పెట్టిన పేరు ఒకటి ఇంట్లో ఉండగా.”

ఆమె బల్ల దగ్గర కూర్చుంది. మాడిన అంచు ముక్కని తన కంచంలో వేసుకుంది. దాన్ని వేలితో రెండుగా విరిచి, ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలి మింగింది. గెరార్డ్ నిలబడే ఉన్నాడు.

“ఫాదర్‌కి యద్విగ అనే చెప్పు,” అంది. “అమ్మమ్మ పేరు పెట్టుకున్నామని చెప్పు. నాయనమ్మ పేరని మాత్రం చెప్పకు. ఇంకో మాట. నేను పోయాక నన్ను మీ నాన్న పక్కన పెట్టకండి. అక్క దగ్గర పెట్టండి. ఆ రాయి మీద ఏమీ చెక్కించొద్దు.”