నొప్పి తెలియని కుడిచెయ్యి

చిన్నమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను నిజామాబాద్‌లో, ఉద్యోగాలు మారీ మారీ చేరిన ల్యాబులో, మైక్రోస్కోపు ముందే ఉన్నాను. "పొద్దుగాల చాయ్ తాగి ఒరిగిందట బిడ్డా. గుండెనే. జల్ది రా," అంది అమ్మ. ఎడపల్లి దగ్గర చెరకు ట్రాక్టరు వెనక చిక్కి బోధన్ బస్సు నడకలా సాగింది. ఏడుపు రాలేదు. వారం రోజులుగా నిద్ర లేనట్టు ఒళ్ళు బరువుగా ఉంది, అంతే.

చిన్నమ్మ అంటే అమ్మ చెల్లెలు. డిగ్రీ అయ్యేదాకా బోధన్‌లో ఆమె ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. ఒంటరి మనిషి, బీడీలు చేసి ఇల్లు నడిపేది. ఒళ్ళో చాట, చాటలో తడిపిన తునికాకు, తంబాకు. నోరు వాడకట్టుతో ముచ్చట్లలో ఉంటే వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయేవి. చేతుల వంక చూసేదే కాదు. అయినా ఆమె బీడీలను కార్ఖానావాళ్ళు వెనక్కి పంపేవాళ్ళు కాదు.

తర్వాత పంపడం మొదలుపెట్టారు, వదులుగా ఉంటున్నాయని. చిన్నమ్మ ఆకును తిట్టింది, తంబాకును తిట్టింది, బీడీలు చూసి తీసుకునే ఆయన్నీ తిట్టింది. "పెండ్లాంతోని పంచాదైతే వానికి నా బీడీలల్ల తప్పు దొరుకుతది," అనేది. కుడి ముంజేతి మీద ఒక పాలిపోయిన మచ్చ ఉండేది. దురద లేదు, మంట లేదు, ఇక ఎవరు పట్టించుకుంటారు? ఒకరోజు పొయ్యి మీది గిన్నెను ఉత్త చేత్తో దించి, బొబ్బలు లేచాక చూసుకుని, "గిదెప్పుడైందే?" అని నన్నే అడిగింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కుష్టు అన్నారు.

అప్పుడు నేను చదువుతున్నది మైక్రోబయాలజీ. ఒంట్లో కాపలా కణాలుంటాయి, వచ్చిన క్రిమిని మింగి అరిగించుకోవడం వాటి పని. ఈ క్రిమి మింగుడు పడుతుంది కానీ అరగదు. కాపలావాడి కడుపులోనే కాపురం పెడుతుంది. నరాల తొడుగులో దూరి, నొప్పి కబురు మోసే నరాన్నే మొద్దుబారుస్తుంది. తనలో ఇంకొకరు ఉన్నారని ఒంటికి ఏళ్ళ తరబడి తెలియదు. పుస్తకంలో చదివినప్పుడు ఎంత తెలివి అనుకున్నాను. చిన్నమ్మ చెయ్యి చూశాక ఆ మాట మళ్ళీ అనలేదు.

మందు ఆపితే వేళ్ళు ముడుచుకుపోతాయని డాక్టరు ముందే చెప్పాడు. వేళ్ళు పోతే బీడీ లేదు, బీడీ లేకపోతే పొయ్యి వెలగదు. అయినా గోలీలు మొదలైన కొన్నాళ్ళకు మోచేతి దగ్గర నరం వాచి, నొప్పికి తట్టుకోలేక చిన్నమ్మ గోలీల పట్టీని వాకిట్లోకి విసిరేసింది.

"గోలీలు ఏసుకోకముందు నాకేం లేకుండె. గిప్పుడు సస్తున్న. గిదేం మందే?"

"అప్పుడు లేనిది నొప్పి చిన్నమ్మా, రోగం కాదు. నీ ఒళ్ళు గిప్పుడు నిద్ర లేసింది. నరంల దాక్కున్న క్రిముల మీద పడ్డది. ఆ కొట్లాటల నరం నలుగుతున్నది."

చిన్నమ్మ వాచిన మోచెయ్యి పట్టుకుంది. "అంటే దొంగను పట్టనీకి వచ్చి పోలీసోళ్ళు మనింటి తలుపే పలగ్గొట్టినట్టు."

"గంతే."

"ఇన్నొద్దులు యాడ పండుకున్నరే గాళ్ళు?"

లేచి వెళ్ళి పట్టీ ఏరుకొచ్చాను. దాని దుమ్ము తుడిచే లోపలే చిన్నమ్మ చెయ్యి చాపింది. "ఇటియ్యి. నువ్వు ఊకె సదువు జెప్పకు." పోలీసోళ్ళను నెమ్మదింపజేయడానికి డాక్టరు వేరే మందు కూడా ఇచ్చాడు. అన్నీ చివరిదాకా వేసుకుంది. రోగం పోయింది, వేళ్ళు ముడుచుకోలేదు. స్పర్శ మాత్రం తిరిగి రాలేదు.

మళ్ళీ చాట పట్టింది. ఇప్పుడు ప్రతి బీడీనీ చూస్తూ చుట్టేది. ముచ్చట్లు తగ్గాయి. "కండ్లతోని ముట్టుకోవాలె బిడ్డా, ఏం జేస్తం," అనేది. సాయంత్రం గడపలో కూర్చుని వేళ్ళు ఒక్కొక్కటే తిప్పుకుంటూ, ఎక్కడైనా తెగిందా, కాలిందా అని వెతుక్కునేది. స్నానానికి వెళ్ళే ముందు నన్ను కేకేసేది. "నీళ్ళు సూడు బిడ్డా. నా చెయ్యి అబద్ధమాడ్తది."

నేను చేరేసరికి చిన్నమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. ఆఖరి స్నానానికి నీళ్ళు కాగి ఉన్నాయి. అమ్మ చెంబు ముంచింది.

"ఆగమ్మా," అని నీళ్ళలో చెయ్యి పెట్టాను. చురుక్కుమంది.

"ఇంకేం సూస్తవ్ బిడ్డా, పొయ్యనియ్యి," అన్నారు వెనక ఎవరో.

చన్నీళ్ళు కలిపాను. చెయ్యి పెట్టి చూసి, ఇంకొంచెం కలిపాను. అమ్మ చేతిలోని చెంబు అందుకుని, ముందుగా చిన్నమ్మ కుడిచేతి మీద పోశాను.