అడవిలో బండి ఆపినందుకు

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఉద్యోగమున్నన్నాళ్లూ హనుమకొండ నుంచి ములుగు మీదుగా అడవి దారిలో బస్సు నడిపాడు. టేకులు ఆకు రాల్చడం, మోదుగులు ఎర్రగా పూయడం అన్నీ అద్దంలోంచే చూశాడు. బస్సుకు టైముంటుంది. లోపల దవాఖానకు పోయేవాళ్లుంటారు, అంగడికి పోయేవాళ్లుంటారు. నచ్చిందని ఎక్కడపడితే అక్కడ ఆపడానికి లేదు. "ఇన్నేండ్ల సంది అడివిలకెల్లి పోయిన గని అడివిని సూడలే బామ్మర్దీ. నేను సూసిందంత రోడ్డే" అనేవాడు నాతో.

రిటైరయ్యాక ఒక పాత వ్యాను కొన్నాడు. వెనక సీట్లు పీకించి, పలకలు బిగించి, పరుపు వేశాడు. "ఇంట్ల మంచం లేదా? బండ్ల పండుకునుడేంది, సంచారపోళ్ల లెక్క" అని అక్క తిట్టింది. నాలుగు రోజులు పోయాక ఆమే కిటికీల కొలత తీసుకుని దోమతెర కుట్టింది. నాది ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే షాపు. వ్యానులో చిన్న లైటు, పక్కన ఫోను చార్జింగుకు ఒక పాయింటు నేను బిగించాను. బావ కోరిక ఒక్కటే. అడవిలో బండి ఆపుకుని, ఒక రాత్రి అక్కడే పడుకుని, తెల్లారి పిట్టల కూతకు లేవాలి.

ఊరికే పోయి ఆపుకోవచ్చు. చాలామంది అట్లాగే చేస్తారు. బావ అట్లా చేసే మనిషి కాదు. ఎర్ర లైటు పడితే ముందూ వెనకా ఎవరూ లేకపోయినా ఆగుతాడు. నన్ను వెంటబెట్టుకుని అటవీశాఖ ఆఫీసుకు పోయాడు. అక్కడి సారు మా మాట విని నవ్వాడు.

"అడివిల పండుకుంటవా? ఎందుకు పెద్దాయనా, ఇల్లు లేదా?"

"ఉన్నది సార్. ఒక్క రాత్రి. రూల్స్ ఏమున్నయో చెప్పుండ్రి, గట్లనే ఉంటం."

సారు చెప్పాడు. లోపలికి పోవద్దు, రోడ్డు పక్కన ఖాళీ జాగా ఉన్నచోటే ఆపాలి. పొయ్యి పెట్టొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు, పుల్ల విరవొద్దు. పాట పెట్టొద్దు. తెచ్చిన చెత్త తిరిగి తీసుకుపోవాలి. తెల్లారగానే కదలాలి. "పోండ్రి, చెక్‌పోస్టుల చెప్త" అన్నాడు. బావ చేతులు జోడించి దండం పెట్టాడు. తిరుగు దారిలో ఆ రూల్సన్నీ నాతో అప్పజెప్పించాడు. అవి ఆయనకు కష్టంగా తోచలేదు. అడవి బాగుండాలంటే అట్లాగే ఉండాలి కదా అన్నాడు.

మేం పోయింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. అక్క పులిహోర, జొన్నరొట్టెలు, పచ్చడి ఇంట్లోనే చేసి డబ్బాల్లో సర్దింది. గ్యాసు స్టవ్వు అసలు బండి ఎక్కించలేదు. బావకు బీడీ అలవాటు. ఆ రోజు బీడీకట్ట, అగ్గిపెట్టె గూట్లోనే పెట్టి వచ్చాడు. చెక్‌పోస్టు దగ్గర గార్డు మర్యాదగానే మాట్లాడాడు. వ్యాను ముందు నిలబడి, నంబరు కనపడేలా ఫోనులో ఒక ఫోటో తీసుకున్నాడు. "జర జాగ్రత్త పెద్దాయనా, ఆకు బాగ ఎండింది" అన్నాడు.

ఖాళీ జాగాలో బండి ఆపాం. మధ్యాహ్నమంతా మాకు పని లేదు. అక్క దిండుకు ఆనుకుని నిద్రపోయింది. ఆమె పగటిపూట నిద్రపోగా నేనెప్పుడూ చూడలేదు. బావ చెప్పులు విడిచి ఎండుటాకుల మీద అటూ ఇటూ నడిచాడు. కొంతసేపటికి ములుగు నుంచి బస్సు వచ్చింది, ఆయన నడిపిన సర్వీసే. చెట్టు కింద నిలబడి అది పోయేదాకా చూశాడు. "ఏం ఉరుకుతాండు చూడు, ఇక్కడ ఇంత సల్లగ ఉన్నదని వానికేం తెల్సు" అన్నాడు. మా బావ ముఖంలో అంత నిమ్మళం మళ్లీ కనపడలేదు.

పొద్దు వాలుతుండగా పెద్ద కార్లు మూడు వరసగా వచ్చి మా పక్కనే ఆగాయి. ముందు డిపార్టుమెంటు జీపు దారి చూపిస్తూ వచ్చింది. కార్లలోంచి స్పీకర్లు దిగాయి, బొగ్గుల బస్తా, ఇనుప జాలీ దిగాయి, మందు పెట్టెలు దిగాయి. పొద్దున చెక్‌పోస్టులో ఉన్న గార్డే జీపు దిగి మా దగ్గరికి వచ్చాడు. మా ముఖాల్లోకి చూడలేదు.

"పెద్దాయనా, మీరు బండి తీయాలె. పెద్దసార్ల మనుషులు వచ్చిండ్రు."

"మీ సారే ఉండుమన్నడు కద బిడ్డా. మేం ఈ మూలకు ఉంటం, వాళ్లకేం అడ్డం?"

"నోటి మాటనే కద. ఇప్పుడు గా సారే చెప్పిండు తీయించుమని. నన్ను సతాయించకుండ్రి."

బావ డబ్బాలు సర్దాడు. కింద పడ్డ రొట్టె ముక్కలు కూడా ఏరి సంచిలో వేశాడు. మేం బండి తిప్పుకునేసరికి వాళ్లు రాళ్లు పేర్చి, ఎండు కొమ్మలు విరిచి మంట పెట్టారు. అక్క అద్దం దించి గార్డును అడిగింది: "వాళ్ల అగ్గి కాలదా తమ్మీ?" అతను జీపు వెనక్కి పోయాడు. మేం ఇంటికొచ్చి పడుకున్నాం.

కొన్నాళ్లకు బావకు ఫోను వచ్చింది, బండి తీసుకుని ఆఫీసుకు రమ్మని. పర్మిషను ఇచ్చిన సారే కుర్చీలో ఉన్నాడు. ఈసారి నవ్వలేదు. ఆ జాగా నుంచి అటువైపు వాగు దాకా అడవి కాలిపోయిందట. ఆ రోజు అక్కడ ఆగిన బండ్లలో ఫోటో ఉన్నది మాదొక్కటే.

"సార్, నేను అగ్గిపెట్టె గూడ తేలే. పొద్దు గూకకముందే మీరే ఎల్లగొట్టిస్తిరి. మూడు కార్లు వచ్చినయి."

"ఏ కార్లు? నంబర్లు చెప్పు."

మాకు నంబర్లు తెలియవు. ఎదుటివాడి బండి నంబరు రాసుకోవాలని మాకు తోచలేదు. గార్డు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నేను అతన్ని చూపించి అడిగాను: "అన్నా, నువ్వే కద జీపుల వచ్చింది? చెప్పు." అతను నేల చూశాడు. బయటకు వచ్చాక నా వెనకే వచ్చి, "నా నౌకరి పర్మినెంటు కాదన్నా, ఇద్దరు ఆడపిల్లలున్నరు" అన్నాడు. నేను అతని గల్లా పట్టబోతే బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇడువు. వాన్ని కొడితె ఏమొస్తది?"

తప్పు ఒప్పుకుని సంతకం పెడితే కొంత జరిమానాతో బండి వదిలేస్తామన్నారు. నేను పెట్టమన్నాను. అక్క కూడా పెట్టమంది. బావ పెట్టలేదు. "బస్సు నడిపినన్ని దినాలు ఒక కుక్కను గుద్దలే. అడివి తగలబెట్టిన్నని నా చేత్తోని రాసియ్యాల్నా?" అన్నాడు. బండి వాళ్ల ఆవరణలోనే ఉండిపోయింది. కేసు కోర్టుకెక్కింది.

రెండు వానాకాలాలు పోయాయి. మొదట్లో బావ నెలకోసారి పోయి బయటి నుంచి బండిని చూసొచ్చేవాడు. టైర్లు మట్టిలో దిగబడ్డాయి. పరుపులో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. అది చూసొచ్చాక పోవడం మానేశాడు. మేం ఆగిన జాగా చుట్టూ ఇప్పుడు తీగ కట్టారు, బండ్లు ఆపరాదని బోర్డు పెట్టారు. తీగకు గేటు కూడా ఉంది. ఆదివారాల్లో ఆ గేటు తెరిచి ఉంటుందని, లోపల కార్లుంటాయని ఆ దారిన తిరిగే జీపులవాళ్లు చెప్తారు. నేను పోయి చూడలేదు. చూసి ఎవరితో చెప్పాలి?

మొన్న మళ్లీ కోర్టుకు పోయాం, మళ్లీ వాయిదా పడింది. ములుగులో జీపెక్కాం. పక్కన కూర్చున్న పెద్దమనిషి మా చేతిలో వకీలు ఇచ్చిన కాయితాల సంచి చూసి, "ఏం కేసు కాకా? భూమి పంచాయితా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే బావ చెప్పాడు.

"కాదు. అడివి తగలబెట్టిన్నంట."

ఆయన ఒకసారి బావ తెల్లగడ్డం వైపు చూశాడు. పక్కనున్న మనవరాలిని ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకుని కొంచెం అవతలికి జరిగాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. హనుమకొండ వచ్చేదాకా జీపులో ఎవరూ మాతో మాట్లాడలేదు.