చేప వచ్చిందని ఆగిన పాట

సోమవారం పొద్దున్నకల్లా ఓ యాడ్ స్టూడియోకి ఔనో కాదో చెప్పాలి. ఔనంటే నెలనెలా జీతం, కానీ సొంత పాటలు విడుదల చేయకూడదని షరతు. మూడేళ్ళుగా విశాఖలో నా గదిలో కూర్చుని పాటలు కట్టి నెట్‌లో పెడుతున్నాను. ఏ క్షణంలో ఎంతమంది వినడం మానేశారో చూపించే గీత ఒకటి ఉంటుంది. నా పాటలకది అర నిమిషం దాటగానే కిందికి జారిపోతుంది. దాన్ని చూసి ఏడ్చిన రోజులూ ఉన్నాయి, అబద్ధమెందుకు. జనం ముందు మాత్రం ఒక్కసారీ పాడలేదు. అలాంటి నాకు పలాస నుంచి సింహాచలం అనే ఆటో డ్రైవరు వాయిస్ మెసేజ్ పెట్టాడు. “అక్కా, మీ పాట రోజూ నా ఆటోలో ఏత్తాను. ఆదోరం మా ఊరొచ్చి పాడతారేటి?” ఉద్యోగంలో చేరేముందు ఆ ముచ్చటా తీర్చుకుందామని గిటారు భుజాన వేసుకుని బయల్దేరాను.

తెల్లవారకముందే విశాఖలో ప్యాసింజరెక్కితే పదిన్నరకల్లా పలాసలో దిగొచ్చు, టిక్కెట్టు వంద లోపే. స్టేషన్ బయటికి రాగానే జీడిపిక్కలు కాల్చే వాసన. ఆటోతో వచ్చిన సింహాచలంతో కలిసి పక్కనే ఉన్న కాశీబుగ్గలో ఇడ్లీ తిని తీరం వైపు మళ్ళాం. షేర్ ఆటో అయితే మనిషికి యాభై, మొత్తం మాట్లాడుకుంటే నాలుగైదు వందలు, ముప్పావు గంట ప్రయాణం. దారంతా కొబ్బరి, జీడి, పనస తోటలే, ఈ ప్రాంతాన్నే ఉద్దానం అంటారు. సింహాచలం నా దగ్గర పైసా తీసుకోలేదు గానీ, దారి పొడుగునా నా పాటే ఫుల్ సౌండులో పెట్టి నన్ను సిగ్గుతో చంపేశాడు. జనం వస్తారా అని అడిగితే, “ఊరంతా వత్తాదక్కా. సేప రాకుంటే సాలు,” అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు, తలూపాను.

వజ్రపుకొత్తూరు దాటాక ఇసుకలోనే ఉంది వాళ్ళ ఊరు. మూడున్నరకు తీరంలో కొబ్బరాకుల పందిరి కింద కూర్చోబెట్టారు. పూజలకు వాడే మైకు, ఎదురుగా ఓ అరవైమంది. మొదటి పాటలో తీగలు తప్పు పలికాయి. అయినా ఎవరూ కదల్లేదు. రెండో పాటకు గొంతు కుదురుకుంది. ‘వాన వెలిసిన వాకిట్లో...’ అని ఎత్తుకున్నానో లేదో, ఒడ్డు మీంచి ఎవరో కేకేశారు. అంతే! అరవైమందీ లేచి సముద్రం వైపు పరుగు. సింహాచలం కూడా! నెట్‌లో గీత అర నిమిషానికి పడిపోతుంది, ఇక్కడ అర క్షణం పట్టలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిటారు తీసి పెట్టెలో పెట్టేశాను.

పందిట్లో మిగిలింది మోకాళ్ళ నొప్పులతో లేవలేని నూకమ్మ అనే పెద్దావిడ ఒక్కతే. “ఏటమ్మా, సర్దేత్తన్నావు?” అంది.

“అందరూ వెళ్ళిపోయారు కదమ్మా.”

“ఎల్లిపోడమేటి? సేపొచ్చింది. మా కాడ సేపొత్తే ఏదైనా ఆగిపోద్ది. మా పెద్దోడి పెళ్ళిలో పప్పొడ్డించి ఆపేసినారు. వల లాగి వచ్చినాక అన్నం కాడ్నించి మొదలెట్టినారు. నువ్వూ పోయి ఓ సెయ్యెయ్యి.”

వెళ్ళాను. పడవ వాళ్ళు నీళ్ళలో నల్లటి మచ్చలా కనిపిస్తున్న చేపల గుంపు చుట్టూ వల తిప్పేశారు. రెండు తాళ్ళు, తాడుకి ముప్పైమంది. అరుపుకో అడుగు వెనక్కి. అరచేతులు మండిపోయాయి, చీర తడిసింది, సింహాచలం భార్య నన్ను చూసి పడీపడీ నవ్వింది. గంటన్నర తర్వాత ఒడ్డున వెండిలా ఎగిరే చేపలు చూసి అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

చేపలు బుట్టల్లోకి ఎత్తాక, చేతులు కడుక్కుని ఒక్కొక్కరూ పందిట్లోకి వచ్చారు. ఎవరి చోట్లో వాళ్ళే కూర్చున్నారు. ముందు వరసలో ఓ ముసలాయన అన్నాడు: “‘వాన ఎలిసిన వాకిట్లో’ కాడ ఆపేసినావమ్మా. ఆ తరవాతది పాడు.” పెట్టెలోంచి గిటారు మళ్ళీ తీసి పాడాను: ‘నీ అడుగొకటి మిగిలిపోయె...’ మూడోసారికి వాళ్ళూ అందుకున్నారు. చేపలు కొనడానికొచ్చిన టెక్కలి లెక్చరరొకాయన నిలబడి చివరిదాకా విని, తమ కాలేజీ వార్షికోత్సవానికి పిలిచాడు. తిరుగు రైల్లో నా పక్కన ఊరివాళ్ళిచ్చిన ఓ జీడిపప్పు సంచీ, నాలుగు కొబ్బరికాయలు.

సోమవారం స్టూడియోకి ఫోన్ చేసి కాదన్నాను. గది లోపల కూర్చుని సంపాదించుకోలేని సంగతొకటి నాకు ఆ ఇసుకలో దొరికింది. ఆ గీత జనం వెళ్ళిపోవడం చూపిస్తుంది, ఎందుకు వెళ్ళారో చెప్పదు. మళ్ళీ వచ్చి, ఆపిన మాట గుర్తు చేసి అడుగుతారనైతే అసలే చెప్పదు. అది తెలియాలంటే వాళ్ళ ముందు కూర్చుని పాడాల్సిందే. మీలో ఎవరైనా ఉద్దానం తీరంలో పాడటానికి వెళ్తే ఒక్క సలహా: మధ్యలో అందరూ లేచి పరిగెడితే మైకు ఆపండి, గిటారు మాత్రం పెట్టెలో పెట్టకండి.